సేటు వచ్చిన సైగ

కరీంనగర్ బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా హనుమండ్లు సంతోషపడలేదు. ఎండ ఆ పక్కనుంచే కొడుతోంది. రెండో పక్కన కూర్చుంటే దుమ్ము కొట్టేదని అతనికి తెలుసు. నలభై తొమ్మిదేళ్ల వయసులో అతని వాటాకు వచ్చినవన్నీ ఇలాంటివే. ఏడో తరగతి మధ్యలో తండ్రి చెయ్యి పట్టుకుని సిరిసిల్లలో సాంచెల షెడ్డుకు తీసుకుపోయాడు. కరెంటు మగ్గాలను అక్కడ సాంచెలే అంటారు. ఆ రోజు లోపలికి పోయినవాడు ఇంకా బయటికి రాలేదు.

"మొఖం గట్ల పెట్టకు మరిదీ," అంది పక్కనున్న ఐలవ్వ. "బిడ్డ పాట ఇననీకి పోతున్నవా, పంచాయితికి పోతున్నవా?"

ఐలవ్వ అదే షెడ్డులో కండెలకు నూలు చుడుతుంది. అరవై దాటింది. వరసకు వదిన కాబట్టి నోటికి గడియ లేదు. వరస కాకపోయినా ఉండేది కాదు.

"గది పాటనా వదినె? ఊపిరి తీసుకోకుంట తిట్టుడు. మా అవ్వ గట్లనే తిడితే వాడకట్టంత తలుపులు పెట్టుకుంటుండె. ఇప్పుడు టికెట్ పెట్టి ఇంటుండ్రు."

అతని బిడ్డ భవ్యశ్రీ కరీంనగర్ హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. చదువు సంగతేమో గాని ర్యాప్ పాటలు మాత్రం బాగా చదువుతోందని హనుమండ్లు అభిప్రాయం. ఆ రోజు సాయంత్రం బైపాసు రోడ్డు పక్క గ్రౌండులో పెద్ద హిప్‌హాప్ ప్రోగ్రాం. హైదరాబాద్ నుంచి పేరున్న ర్యాపర్ వస్తున్నాడు. అతనికంటే ముందు ఐదుగురు లోకల్ పిల్లలకు తలా ఒక పాట ఇచ్చారు. అందులో భవ్యశ్రీది మూడో నంబరు. భార్య అనసూర్య మొక్కు చెల్లించడానికి పొద్దున్నే వేములవాడ పోయింది. పోతూ పోతూ, "దేవుని సంగతి నేను చూసుకుంట, బిడ్డ సంగతి నువ్వు చూడు. పాట అయ్యేదాక కదిలినవో, ఇంటికి రాకు," అని చెప్పింది. అందుకని వస్తున్నాడు. లేకపోతే ఆదివారం పూట పడుకునేవాడు.

"నాకైతే పాటంత నోటికొచ్చు," అంది ఐలవ్వ. "అందరికన్న ముందుగాల ఫోన్ల నాకే ఇనిపిచ్చింది. రెండు ముక్కలు నేనే కలిపిన."

"నువ్వు కలిపినవా?"

"ఇను మరి." ముందు సీటు రాడ్డు మీద వేళ్లతో దరువేస్తూ ఐలవ్వ అందుకుంది.

"షెడ్డుల ఫ్యాను ఇప్పుకపోయిండు భానుప్రసాదు సేటు,
ఆయన కుక్కకు సల్లగాలి, మా కండ్లల్ల సెమట పోటు."

ముందు సీటాయన వెనక్కి తిరిగి నవ్వాడు. హనుమండ్లు నవ్వలేదు. అతని చెవుల్లో బస్సు ఇంజను ఆగిపోయినట్టయింది.

"సేటు పేరు పెట్టిండ్రా వదినె?"

"అబద్ధమా? ఎండకాలంల ఇప్పుకపోయిండా లేదా?"

అబద్ధం కాదు. షెడ్డుకంతా ఉన్నది ఒక్కటే పెద్ద ఫ్యాను. ఏప్రిల్లో సేటు దాన్ని విప్పించి తన ఇంటి వరండాలో కుక్కకు పెట్టించాడు. విదేశీ జాతి కుక్క, ఉక్కపోత పడదట. ఈ సంగతి షెడ్డులో అందరికీ తెలుసు. కుక్కకు కూడా తెలిసే ఉంటుంది. కానీ తెలిసి ఉండటం వేరు, మైకులో చెప్పడం వేరు. ముందటేడు అంకయ్య అనేవాడు, సేటు కుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోతున్న ఫోటో తీసి ఫోన్లో స్టేటస్ పెట్టాడు. పొద్దున పెట్టాడు. పగటి చాయ వేళకు అతని సాంచెల ముందు ఇంకొకడు నిలబడి ఉన్నాడు. అంకయ్య ఇప్పుడు ఆసిఫాబాద్‌లో బామ్మర్ది హోటల్లో గిన్నెలు కడుగుతున్నాడు. హనుమండ్లుకు హోటలున్న బామ్మర్ది కూడా లేడు.

"ఫికర్ జెయ్యకు," అంది ఐలవ్వ. "కరీంనగర్ల పాడితె సిరిసిల్లల ఎవలింటరు? సేటుకు గిసొంటి పాటలు ఏం ఎరుక?"

ఆ మాట నమ్ముకుని హనుమండ్లు దారి పొడుగునా కొంచెం కుదుటపడ్డాడు. గ్రౌండు గేటు దగ్గర ఆటో దిగి తలెత్తాడు. రెండు నిలువుల ఎత్తు ఫ్లెక్సీ. దాని మీద రెండు చేతులూ జోడించి నవ్వుతున్నాడు భానుప్రసాద్ సేటు. కింద, భానుప్రసాద్ టెక్స్‌టైల్స్ సమర్పించు, అని రాసి ఉంది. మూలన నల్ల కళ్లద్దాలతో సేటు కొడుకు ప్రణయ్, ప్రోగ్రాం చేయించేవాళ్లలో ఒకడు.

"అయ్యో," అంది ఐలవ్వ. ఆమె ఒక్క మాటతో సరిపెట్టడం హనుమండ్లు చూడటం అదే మొదటిసారి.

బిడ్డకు ఫోన్ చేశాడు. స్విచ్ఛాఫ్. మళ్లీ చేశాడు. ఈసారి సిగ్నలే లేదు. ఇన్ని వేలమంది ఒక్కచోట ఫోన్లు ఎత్తి పట్టుకుంటే సిగ్నలు మాత్రం ఎక్కడినుంచి వస్తుంది. ఫెన్సింగు చుట్టూ తిరిగి స్టేజీ వెనక గేటుకు పోయాడు. అక్కడ నల్ల బనీను వేసుకున్న ఒక మనిషి తలుపంత వెడల్పున నిలబడి ఉన్నాడు.

"ఎటు కాకా?"

"లోపట నా బిడ్డ ఉన్నది. పాట పాడుతది. ఒక్క ముచ్చట చెప్పి వస్త."

"పొద్దటిసంది నువ్వు తొమ్మిదో బాపువు," అన్నాడు అతను. "ఒక పిలగానికైతే ముగ్గురు బాపులు వచ్చిండ్రు. ముందటి గేటుకు పో."

ముందు గేటులో చేతికి కాగితం పట్టీ చుట్టారు. పేషెంటుకు కట్టినట్టుందని సణుక్కున్నాడు. ఐలవ్వ సంచిలో సర్వపిండి చూసి, బయటి తిండి లోపలికి తేవద్దన్నారు. ఆమె వాళ్లతో వాదన పెట్టుకోలేదు. గేటు పక్కన నిలబడే ఒక ముక్క తిని, మిగతాది చెకింగు పిల్లల చేతిలో పెట్టి, "మీరు తినుండ్రి బిడ్డా, పొద్దటిసంది నిలవడ్డరు," అని లోపలికి నడిచింది.

లోపల రెండో నంబరు పాట అప్పటికే మొదలైంది. గేటునుంచి స్టేజీ దాకా తలలే. చేతులన్నీ పైకి లేచి ఒకేసారి ఊగుతున్నాయి. స్పీకర్ల దెబ్బ చెవికంటే ముందు రొమ్ముకు తగులుతోంది. పిల్లలు కొందరు నవ్వుతూనే చెవులు మూసుకుంటున్నారు. హనుమండ్లుకు మాత్రం వింతగా ఏమీ అనిపించలేదు. నలభై సాంచెలు ఒక్కసారి ఆడే రేకుల షెడ్డులో ముప్పై అయిదేళ్లు బతికినవాడికి ఇది చప్పుడు కిందికి రాదు. అతనికి కొత్తగా ఉన్నది మనుషులు. ఇంతమంది ఇంత దగ్గరగా నిలబడి, ఒక్కరి ముఖంలో కూడా కోపం లేకపోవడం అతను ఎప్పుడూ చూడలేదు.

భుజం పెట్టి తోశాడు. గోడను తోసినట్టుంది. మళ్లీ తోశాడు.

"అంకుల్, ముందటికి పోవాల్నా?" పొడుగు జుట్టు పిల్ల ఒకతె అతని చెవిలో అరిచింది. "నూకితె ఎవ్వరు జరగరు. ఎగురుకుంట పో. అందరు లేసినప్పుడు సందు దొరుకుతది, అప్పుడు దూరు."

అంకుల్ అన్నందుకు కోపం వచ్చింది గాని మాట నిజమే. దరువు పడ్డప్పుడల్లా జనం అంతా లేస్తున్నారు, మనిషికీ మనిషికీ మధ్య జానెడు సందు పడుతోంది, వాళ్లు కాళ్లు ఆనించగానే మూసుకుపోతోంది. చూస్తుండగానే అతనికి అర్థమైంది. సాంచెలో సగం పోగులు పైకి, సగం కిందికి విడినప్పుడే అడ్డపోగు మోసే నాడె దూరిపోవాలి. రెప్పపాటు ఆలస్యమైతే పోగులు తెగుతాయి. రోజంతా ఆ విడిపోవడాన్ని చూసే కన్ను అతనిది.

హనుమండ్లు ఎగిరాడు. ఒక అడుగు లోపలికి పడ్డాడు. మళ్లీ ఎగిరాడు. ఇంకో అడుగు. చొక్కా వెనక కొస ఐలవ్వ గుప్పిట్లో ఉంది. ఆమె కూడా చెంగు నడుముకు చెక్కి ఎగురుతోంది.

"మరిదీ, గిది బతుకమ్మ లెక్కనే ఉన్నది," అని అరిచింది. "సుట్టు తిరుగుడు లేదు, గంతే ఫరకు."

"నా పని పోతున్నది, నీకు బతుకమ్మ."

"పోతె పోతది. ఎగురు."

సగం దూరం వచ్చేసరికి అతనికి చెమటతో పాటు ఇంకేదో పట్టింది. మోకాలి నొప్పి ఏమైందో తెలియదు. పక్కవాడెవడో భుజం మీద చెయ్యి వేశాడు, ఎవరో నీళ్లు చల్లారు, ఒక కుర్రాడు అతని ముఖంలోకి చూసి, "కాకా మస్తు ఊపుమీద ఉన్నవ్," అన్నాడు. ఊపు లేదు గీపు లేదు, పరేషాన్‌లో ఉన్నానని చెబుదామనుకున్నాడు. చెప్పేలోపల దరువు పడింది, ఎగరాల్సి వచ్చింది.

రెండో పాట అయిపోయింది. యాంకరు ఏదో అరిచాడు. లైట్లు ఎర్రబడ్డాయి. భవ్యశ్రీ వచ్చింది.

నల్ల ప్యాంటు, నల్ల టీషర్టు, నడుముకు షెడ్డులో నేసిన తెల్లగుడ్డ చుట్టుకుంది. ఇంట్లో పెరుగు గిన్నె అడగడానికి కూడా గొంతు పెగలని పిల్ల, మైకు పట్టుకుని అంతమందిని ఒకసారి తిన్నగా చూసింది. ఆ చూపు అనసూర్యది. హనుమండ్లు ఒళ్లు జల్లుమంది.

"నాడె ఉరికె సప్పుట్ల నడక నేర్చిన దాన్ని,
పోగు తెగితె ముడేసి పొద్దుగూకని దాన్ని..."

మాటలు వడగళ్లలా పడుతున్నాయి. జనం మొదటి రెండు లైన్లకే ఆమెవాళ్లైపోయారు. హనుమండ్లు పని పోయే సంగతి పది సెకండ్లు మరిచిపోయాడు. గుర్తొచ్చాక మళ్లీ ఎగిరి, ఎగిరి, చివరికి ముందున్న ఇనుప కడ్డీలకు పొట్ట ఆనించి ఆగాడు. ఎడమ పక్కన, స్టేజీకి ఆనుకుని, తెల్ల సోఫాలో సేటు ఉన్నాడు. తెల్ల బట్టలు, ముందుకు వచ్చిన పొట్ట, నొసట నిలువు బొట్టు. తొడ మీద చేత్తో తాళం వేస్తున్నాడు.

"భవ్యా," అని అరిచాడు హనుమండ్లు. తన గొంతు తనకే వినపడలేదు.

"రెండో చరణం అయినంక వస్తది ఆ ముక్క," అంది ఐలవ్వ అతని చెవిలో. "తొందరగ ఏదన్న చెయ్."

నోటితో పని కానిచోట చేతులతో చేయడం అతనికి కొత్త కాదు. షెడ్డులో ఎవరి మాట ఎవరికీ వినపడదు కాబట్టి అక్కడ అన్నిటికీ సైగలే. పోగు తెగిందని ఒకటి, కండె అయిపోయిందని ఒకటి, చాయకు పోదామని ఒకటి. అన్నిటికంటే ముఖ్యమైనది, సేటు వస్తున్నాడనే సైగ. ఎడమ అరచేత్తో పొట్టను రెండుసార్లు గుండ్రంగా నిమరాలి. తర్వాత కుడి బొటనవేలు ముక్కు మీద పెట్టి నొసలు దాకా పైకి లాగాలి. ఇప్పటి సేటు తండ్రి కాలంలో పుట్టిన సైగ అది. కొడుక్కు కూడా అదే పొట్ట, అదే బొట్టు వచ్చాయి కాబట్టి మార్చే అవసరం పడలేదు. దానికి ఒక కట్టుబాటు ఉంది. సైగ చూసినవాడు చూసి ఊరుకోకూడదు, వెంటనే పక్క సాంచెవాడికి అందించాలి. తలుపు దగ్గర మొదలైతే మూల సాంచె దాకా పది లెక్కపెట్టినంతలో పోతుంది. సేటు గడప దాటేసరికి అందరి చేతులూ పని మీద ఉంటాయి. అందుకే ఆ సైగను ఇన్నేళ్లలో సేటు ఒక్కసారి కూడా చూడలేదు. భవ్యశ్రీ చిన్నప్పుడు తండ్రికి సద్ది తెచ్చి, షెడ్డులోనే ఆడుకుని, మాటలతో పాటే ఈ సైగలు నేర్చింది.

హనుమండ్లు కడ్డీ మీద ఒక కాలు పెట్టి పైకి లేచాడు. ఐలవ్వ నడుము పట్టుకుంది. పొట్ట రెండుసార్లు నిమిరాడు. బొటనవేలు నొసటికి లాగాడు. మళ్లీ చేశాడు. మూడోసారి చేస్తుండగా భవ్యశ్రీ కన్ను అతని మీద పడింది.

చూసింది. అర్థమైంది. పాట ఆపకుండానే కళ్లు సోఫా వైపు తిరిగి వెనక్కి వచ్చాయి. హనుమండ్లు ఊపిరి వదిలాడు.

అంతలో పిల్ల, షెడ్డులో పెరిగిన పిల్ల కదా, ఆలోచించకుండానే సైగను ముందుకు అందించేసింది. పొట్ట నిమిరింది. బొటనవేలు నొసటికి లాగింది. ఎదురుగా పక్క సాంచెవాడు లేడు. అయిదారు వేలమంది ఉన్నారు.

వాళ్లు కొత్త స్టెప్పు అనుకున్నారు. ముందు వరస చేసింది. చూసి రెండో వరస చేసింది. హనుమండ్లు వెనక్కి తిరిగేసరికి గేటు దాకా గ్రౌండంతా పొట్టలు నిమురుకుని నొసట బొట్టు గీస్తోంది. తప్పు ఎక్కడ జరిగిందో భవ్యశ్రీకి అప్పుడు తెలిసింది. ఒక్క క్షణం ఆమె ముఖం చిన్నపిల్ల ముఖమైంది. తర్వాత నవ్వు వచ్చింది. ఆ నవ్వును మైకు లోకి పోకుండా పళ్ల కింద నొక్కిపెట్టింది.

రెండో చరణం అయింది. ఆ రెండు ముక్కలు రావలసిన చోటు వచ్చింది. భవ్యశ్రీ మైకు దించింది. దరువు ఒక్కటే నడుస్తుంటే, మాటలకు బదులు సైగ చేసింది. పొట్ట, పొట్ట, నొసలు. జనం చేశారు. మళ్లీ చేసింది. ఈసారి జనమే ముందు చేశారు. ఐలవ్వ కడ్డీకి నుదురు ఆనించి భుజాలు కుదిపేస్తోంది. ఏడుస్తోందేమోనని పక్కన పిల్ల ఆమె వీపు నిమిరింది.

హనుమండ్లుకు సోఫా వైపు చూడబుద్ధి కాలేదు. చూడక తప్పలేదు. సేటు లేచి నిలబడ్డాడు. అటూ ఇటూ చూశాడు. కొడుకు ప్రణయ్ చేస్తున్నాడు. కొడుకు స్నేహితులు చేస్తున్నారు. పక్క సోఫాలో ఎవరో పెద్దమనిషి కూడా చేస్తున్నాడు. సేటు తన పొట్ట మీద చెయ్యి పెట్టుకున్నాడు. రెండుసార్లు నిమిరాడు. బొటనవేలు నొసటికి లాగాడు. బొట్టు కొంచెం చెరిగింది. కెమెరా అతన్ని పట్టి స్టేజీ పక్క పెద్ద తెర మీద వేసింది. అందరూ పొట్ట ఉన్నట్టు నటిస్తున్నారు, నిజంగా పొట్ట ఉన్నవాడు తెర మీద కనిపించేసరికి గ్రౌండు దద్దరిల్లింది. తన ముఖం తెర మీద చూసుకుని సేటు ఇంకా ఉత్సాహంగా చేశాడు.

పాట అయిపోయింది. ఈలలు ఆగలేదు. హనుమండ్లు కడ్డీ దిగుతుండగా ఒక మనిషి వచ్చి భుజం తట్టాడు.

"హనుమండ్లు నువ్వేనా? సేటు పిలుస్తుండు."

కడ్డీకి అవతల పక్కకు తీసుకుపోయారు. ఐలవ్వను ఎవరూ పిలవలేదు, వెంట వచ్చింది. ఆసిఫాబాద్‌లో ఇంకో మనిషిని పెట్టుకునేంత హోటలా అంకయ్య బామ్మర్దిది, అని హనుమండ్లు నడుస్తూనే ఆలోచిస్తున్నాడు. స్టేజీ వెనకనుంచి భవ్యశ్రీ కూడా వచ్చింది. మెడ మీద చెమట, చేతిలో నీళ్ల సీసా. తండ్రి పక్కన నిలబడింది గాని ముఖంలోకి చూడలేదు.

సేటు రుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు.

"ఏం హనుమండ్లూ. గీ పిల్ల నీ బిడ్డెనట?"

"అవును సేటూ."

"చెప్పవేందిరా? ప్రణయ్ చెప్తెగాని ఎరుకలే." ఆగి, వేలు చూపించాడు. "ఆమె కంటె ముందుగాల కడ్డీ ఎక్కి చేసింది నువ్వే. నేను చూసిన."

ఎక్కలేదంటే అబద్ధం. చేయలేదంటే ఇంకా పెద్ద అబద్ధం.

"నేనే సేటూ," అన్నాడు.

"అంటే గా స్టెప్పు నీదేనన్నట్టు." సేటు ఇంకో అడుగు దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు. "నాకు బొటనవేలు కాడ తప్పుతున్నది. తెరమీద చూసుకున్న, సక్కగ రాలే. జర చూపెట్టు."

విన్నది అర్థం కావడానికి హనుమండ్లుకు కొంచెం సేపు పట్టింది. ఐలవ్వ చెంగు మొత్తం నోట్లో కుక్కుకుని వెనక్కి తిరిగింది.

"ముందుగాల పొట్ట సేటూ," అన్నాడు హనుమండ్లు. "జర ముందటికి. ఇంకింత. ఆఁ, గట్ల. ఇగ బొటనేలు ముక్కు మీద పెట్టి తిన్నగ పైకి."

సేటు చేశాడు. కుదిరింది. చిన్నపిల్లవాడిలా మురిసిపోయాడు.

"సోమవారం షెడ్డుల అందరికి నేర్పియ్యి. దసరాకు అందరం కలిసి చేద్దాం, ప్రణయ్ వీడియో తీస్తడు."

"వాళ్లకు వచ్చు సేటూ."

"వచ్చా? ఎప్పుడు నేర్చిండ్రు?"

"ఎప్పటిసందో చేస్తుండ్రు. మీరు షెడ్డుకు వస్తుండ్రంటె చాలు, తలుపు కాడికెళ్లి మూల దాక అందరు చేస్తరు."

భవ్యశ్రీకి నీళ్లు పొలమారాయి.

"నాకెన్నడు కనవడలేదేందిరా?" అన్నాడు సేటు.

"మీరు లోపటికి వచ్చేవరకు అయిపోతది."

సేటు కళ్లు కొంచెం తడి అయ్యాయి. "నా కోసమా?"

"అచ్చంగ మీ కోసమే."

నిజం చెప్పి మెప్పు పొందడం హనుమండ్లుకు ఆ వయసులో అదే మొదలు. పెద్ద ర్యాపర్ వచ్చే వేళయి లైట్లన్నీ ఒక్కసారి ఆరి వెలిగాయి. జనం మళ్లీ లేచారు. సేటు అతని భుజం వదల్లేదు.

"ఇంకోపాలి," అన్నాడు.

ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ, చేశారు.